అమ్మమ్మ ప్రార్థనలో ఒక పేరు

మా అమ్మమ్మ రాత్రి ప్రార్థన చాలాసేపు సాగేది. స్తుతి రెండు మూడు వాక్యాల్లో ముగిసేది, తన కోసం అడుక్కునేది దాదాపు ఏమీ ఉండేది కాదు, ఆ తరువాత పేర్లు మొదలయ్యేవి. సంఘంలో జబ్బుపడినవారు, కొత్తగా పెళ్లయినవారు, పరీక్షలు రాసే పిల్లలు, తాగుడు మానలేనివారు, వారి భార్యలు, దూరదేశాలకు వెళ్లినవారు, చెరసాలలో ఉన్నవారు, అధికారంలో ఉన్నవారు, ఇలా ఎవరి వరుసలో వారి పేర్లు వచ్చేవి. ‘రాజుల కొరకును అధికారులందరి కొరకును’ విజ్ఞాపన చేయమని పౌలు తిమోతికి రాశాడు గనుక ఆవిడ ఏ ప్రభుత్వాన్నీ వదిలిపెట్టేది కాదు, తనకు నచ్చని ప్రభుత్వాల విషయంలో గొంతు కొంచెం గట్టిపడేది, అంతే. మోకరించిన పిల్లలం ఒక్కొక్కరమే మంచం అంచుకు తల ఆనించి నిద్రలోకి జారుకునేవాళ్లం. చివరికి వచ్చేసరికి మాత్రం నాకు మెలకువ వచ్చేసేది, ఎందుకంటే అక్కడ ఒక పేరు ఉండేది, ఆ పేరు వినడం నాకు బొత్తిగా ఇష్టం ఉండేది కాదు.

అది మా తాతయ్యను మోసం చేసిన మనిషి పేరు. స్నేహితుడని నమ్మి తాతయ్య అతని అప్పుకు హామీ సంతకం పెట్టారు, అతను చేతులెత్తేశాడు, అప్పు మా ఇంటి మీద పడింది. కట్టవలసినదంతా కట్టి, ఆ డబ్బు రాబట్టుకోవడానికి తాతయ్య కోర్టుకు వెళ్లారు. ఆ వ్యాజ్యం నా బాల్యం పొడవునా నడిచింది. పగటిపూట ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తేవారు కాదు, ఎత్తితే ఆ పూట అన్నం ఎవరికీ సహించేది కాదు. అటువంటి పేరును అమ్మమ్మ ప్రతి రాత్రీ, జబ్బుపడినవారి పేర్లు పలికిన స్వరంతోనే, అతని భార్యాపిల్లల పేర్లతో సహా దేవుని ముందు పెట్టేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను: “అమ్మమ్మా, దేవుడు అతనికి తీర్పు తీర్చాలి కదా, నువ్వు మధ్యలో ఎందుకు అడ్డుపడతావు?” ఆవిడ పుస్తకం మూసి, “తీర్పు తీర్చేవాడు ఉన్నాడనే కదా నాన్నా అడుగుతున్నాను, లేకపోతే ఎవరిని అడగను?” అంది. ఆ వయసులో అది నాకు జవాబులా అనిపించలేదు, ప్రశ్నను తిప్పి నా చేతికే ఇచ్చినట్టు అనిపించింది.

నాకు అప్పటికి తీర్పు గురించి తెలిసినదంతా ఉజ్జీవ కూటాల్లో విన్నది. ప్రకటన గ్రంథం ఇరవయ్యవ అధ్యాయంలోని ధవళమైన మహాసింహాసనం, విప్పబడిన గ్రంథాలు, జీవగ్రంథంలో పేరు లేనివారికి పట్టే గతి, వీటిని ఆ బోధకులు ఎంత కళ్లకు కట్టినట్టు చెప్పేవారంటే, కూటం ముగిసిన రాత్రి నేను దుప్పటి తల మీదుగా లాక్కుని నా పేరు ఆ గ్రంథంలో ఏ పుట మీద ఉండవచ్చో ఊహించుకుంటూ గడిపేవాణ్ణి. మా మామయ్యకు అటువంటి ప్రసంగాలంటే ప్రాణం. “భయం లేని భక్తి ఏం భక్తి?” అనేవాడు. పెద్దయ్యాక అటువంటి ప్రసంగాలన్నిటికీ పెద్దన్న వంటి దాని సంగతి చదివాను. 1741 జూలై 8న అమెరికాలోని ఎన్‌ఫీల్డ్‌లో జొనాథన్ ఎడ్వర్డ్స్ అనే బోధకుడు దేవుని ఉగ్రత గురించి బోధిస్తుండగా జనం పెట్టిన కేకలకు, ఏడుపులకు ఆయన మాట కొనసాగించలేకపోయాడు. స్టీఫెన్ విలియమ్స్ అనే బోధకుడు ఆ రోజు సంగతి తన డైరీలో రాసుకున్నాడు. నన్ను ఆకట్టుకున్నది ఆ కేకల సంగతి కన్నా దాని తరువాతి సంగతి: జనం కాస్త నెమ్మదించాక ఒక ప్రార్థన చేసి, బోధకులు ప్రసంగవేదిక దిగి వచ్చి, మనుషుల మధ్యకు వెళ్లి వారితో మాట్లాడారట. మా కూటాలకు వచ్చిన బోధకుల్లో చాలామంది వేదిక దిగి నేరుగా బండి ఎక్కేవారు. మిగిలిన పని, అంటే వణికిపోతున్న పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని వారి పేరు పేరునా ప్రార్థించడం, అమ్మమ్మలాంటి వాళ్ల మీద పడేది.

అమ్మమ్మ తీర్పును తేలిక చేసి మాట్లాడడం నేనెన్నడూ వినలేదు. నరకం లేదనో, దేవుడు చూసీ చూడనట్టు పోతాడనో చెప్పి మమ్మల్ని ఊరడించిన సందర్భం ఒక్కటీ లేదు. తీర్పును మామయ్య కన్నా ఆవిడే ఎక్కువగా నమ్మేదని ఇప్పుడు నాకు అనిపిస్తుంది, ఎందుకంటే మామయ్య దాన్ని గురించి మాట్లాడేవాడు, ఆవిడ దాన్ని గురించి న్యాయాధిపతితోనే మాట్లాడేది.

ఆదివారపు బడిలో మాకు ఆదికాండం పద్దెనిమిదో అధ్యాయం చెప్పిన టీచరు గారు దాన్ని లెక్కల పాఠంలా చెప్పారు, పిల్లలకు అదే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. పాపం వల్ల నాశనం కాబోతున్న సొదొమలో యాభై మంది నీతిమంతులుంటే పట్టణాన్ని కాపాడతావా అని అబ్రాహాము అడిగాడు. సరేనన్నాడు దేవుడు. అయిదుగురు తక్కువైతే? నలభై మందే ఉంటే? ముప్పై, ఇరవై, చివరికి పది. ఆరుసార్లు అడిగాడు, ఆరుసార్లూ అవుననే జవాబు వచ్చింది. ‘ధూళియు బూడిదెయునైన నేను’ అని తనను తాను తగ్గించుకుంటూనే, ‘సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా’ అని నిలదీశాడు. తీర్పు తప్పించమని వేడుకోవడానికి ఆయన న్యాయాన్ని పక్కన పెట్టమనలేదు, న్యాయాన్నే సాక్ష్యానికి పిలిచాడు. పదితో ఎందుకు ఆగిపోయాడని మేము టీచరు గారిని పీడించాం. ఆ పట్టణంలో ఉంటున్న తన సోదరుని కొడుకు లోతు, అతని భార్య, కూతుళ్లు, అల్లుళ్లు, అందరినీ కలుపుకుంటే పది మంది అవుతారని అనుకున్నాడేమోనని ఆయన చెప్పారు. అది ఊహే, వాక్యంలో లేదు, ఆ సంగతి కూడా ఆయనే చెప్పారు. నాకు ఆ నిజాయితీ బాగా నచ్చింది.

ఇంటికి వచ్చి అమ్మమ్మకు ఈ లెక్క అప్పజెప్పి, “పది మంది కూడా దొరకలేదు, పట్టణం కాలిపోయింది, మరి ఆ ప్రార్థన వృథాయే కదా” అన్నాను. ఆవిడ మరుసటి అధ్యాయం ఇరవై తొమ్మిదో వచనం తీసి నా చేత చదివించింది. దేవుడు ఆ మైదానపు పట్టణాలను నాశనం చేసినప్పుడు అబ్రాహామును జ్ఞాపకం చేసుకొని లోతును తప్పించాడని అక్కడ ఉంది. ఆ సంభాషణ అంతటిలోనూ అబ్రాహాము లోతు పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అడిగింది పట్టణం కోసం, దొరికింది ఒక కుటుంబం. “అయితే సగం జవాబేగా?” అన్నాను. “లోతును అడిగి చూడు, సగమో పూర్తో చెబుతాడు” అంది అమ్మమ్మ.

ఆవిడకు ఇష్టమైన మరో మనిషి మోషే. ఇశ్రాయేలు జనం బంగారు దూడను చేసి పూజించి తప్పుదారి పట్టినప్పుడు దేవుడు ఆ జనాన్ని నాశనం చేసి మోషేనే గొప్ప జనముగా చేస్తానన్నాడు. తనకు ఎంతో లాభమైన ఆ మాటను మోషే కాదనుకొని, వారి పాపం పరిహరించు, లేకపోతే నీవు రాసిన గ్రంథంలోనుంచి నా పేరు తుడిచివెయ్యి అన్నాడు. నేను దుప్పటి కింద నా పేరు ఉందో లేదోనని వణుకుతున్న ఆ గ్రంథం దగ్గరే, వేరేవారి కోసం తన పేరు కొట్టివేయమన్న మనిషి ఒకడున్నాడని తెలియడం నాకు పెద్ద ఆశ్చర్యం. దేవుడు ఆ బేరానికి ఒప్పుకోలేదు. పాపం చేసినవాని పేరునే తుడిచివేస్తానన్నాడు. అయినా జనం మిగిలారు, ప్రయాణం సాగింది.

జవాబు రాని ప్రార్థనల సంగతి కూడా దాచలేను. సంఘంలో ఒక యువకుడి కోసం అమ్మమ్మ ఏళ్ల తరబడి ప్రార్థించింది. అతను తాగుడు మానలేదు, చిన్న వయసులోనే పోయాడు. ఆ రోజుల్లో ఆవిడ ఎక్కువగా యిర్మీయా గ్రంథం చదివేది. ‘ఈ జనము కొరకు ప్రార్థన చేయకుము’ అని దేవుడు ఆ ప్రవక్తతో ఒక్కసారి కాదు, మూడుసార్లు అన్నాడు. మూడోసారి ఆ మాట పద్నాలుగో అధ్యాయంలో వస్తుంది, ఆ అధ్యాయం ముగిసేలోపే యిర్మీయా మళ్లీ బతిమాలుతూ కనిపిస్తాడు. దానికి వచ్చిన జవాబు ఇంకా కఠినమైనది: మోషేయు సమూయేలును వచ్చి నా ముందు నిలిచినా నా మనసు ఈ ప్రజల వైపు తిరగదు. ఆమోసుకు అయిన అనుభవమూ ఇంచుమించు ఇదే. మిడతలను చూసి బతిమాలాడు, దేవుడు ఆపాడు. అగ్నిని చూసి బతిమాలాడు, ఆపాడు. మూడో దర్శనంలో మట్టపుగుండు కనిపించినప్పుడు మాత్రం ప్రవక్త నోట విజ్ఞాపన రాలేదు. ఎందుకు రాలేదో గ్రంథం చెప్పదు. ఈ చోట్లను గడుసుగా దాటేసి, విశ్వాసంతో అడిగితే అంతా దొరుకుతుందని గోడ మీద రాసినంత సులువుగా చెప్పే ప్రసంగాలంటే నాకు ఇప్పటికీ చిరాకే. ఆ ప్రవక్తలు చేసిన ప్రార్థనలు అంత చౌకవి కావు. ఇంకొక విచిత్రం ఏమిటంటే, సొంత జనం కోసం ప్రార్థించవద్దని ఆజ్ఞ పొందిన యిర్మీయాయే, బబులోనుకు చెరపట్టబడిన వారికి ఉత్తరం రాస్తూ, మిమ్మల్ని చెరగొనిపోయిన ఆ పట్టణం క్షేమం కోరి దాని కొరకు ప్రార్థన చేయండని చెప్పాడు.

ఆ యువకుడి తల్లి కతోలిక సంఘానికి చెందిన ఇంటి ఆడపడుచు. నవంబరు 2న, చనిపోయిన విశ్వాసులందరి జ్ఞాపక దినాన, కొడుకు ఆత్మ కోసం పూజ చెప్పించుకుంది. మా సంఘం చనిపోయినవారి కోసం ప్రార్థించదు, మరణం తరువాత తీర్పే గానీ విజ్ఞాపనకు చోటు లేదని మా పెద్దలు నేర్పారు. కతోలికులు, ఆర్థడాక్సు వారు మక్కబీయుల రెండో గ్రంథం పన్నెండో అధ్యాయాన్ని చూపించి, ఆది సంఘం అలవాటును చూపించి వేరేలా నమ్ముతారు. ఆ వాదాన్ని తేల్చగల పాండిత్యం నాకు లేదు. ఆ తల్లితో పాటు అమ్మమ్మ ఆ పూజకు వెళ్లింది, చివరిదాకా పక్కనే నిలబడింది. సంఘంలో కొందరు గుసగుసలాడారు. “నేను ఆవిడ కోసం ప్రార్థించడానికి వెళ్లాను, ఆవిడ బతికే ఉంది కదా” అని చెప్పి అమ్మమ్మ ఆ మాటను అక్కడితో తుంచేసింది. క్రైస్తవ వేదాంతి అగస్టీను తల్లి మోనిక, తాను పోయాక తనను ప్రభువు బలిపీఠం దగ్గర తలుచుకోమని కొడుకును కోరింది. కొడుకు మారాలని ఆమె ఏళ్ల తరబడి ఏడ్చింది, అతనితో వాదించమని ఒక బిషప్పును వేధించింది, ఇంతటి కన్నీళ్ల బిడ్డ నశించడం అసాధ్యమని ఆయన చేత అనిపించుకుంది. 387లో మిలానులో అక్కడి బిషప్పు అంబ్రోసు చేతుల మీద అగస్టీను బాప్తిస్మం పొందాడు, అదే సంవత్సరం ఆమె రోము దగ్గరి ఓస్తియాలో కన్నుమూసింది. మోనికకు దొరికిన జవాబు మా సంఘంలోని ఆ తల్లికి దొరకలేదు. ఎందుకని అడిగితే అమ్మమ్మ దగ్గర కూడా సమాధానం లేదు, ఉన్నట్టు నటించలేదు.

వ్యాజ్యంలో తీర్పు వచ్చిన నాటికి నేను హైస్కూలులో ఉన్నాను. తీర్పు తాతయ్యకు అనుకూలంగా వచ్చింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి: అన్నేళ్లలో అమ్మమ్మ ఒక్కసారి కూడా ఆ వ్యాజ్యం వెనక్కి తీసుకోమని తాతయ్యను అడగలేదు. వాయిదా ఉన్న రోజు పొద్దున్నే కాగితాల సంచి తనే సర్ది ఇచ్చేది. ప్రార్థన చేస్తే నష్టాన్ని మింగి ఊరుకోవాలని, క్షమించడమంటే జరిగింది జరగలేదని చెప్పడమని ఆవిడ అనుకోలేదు. న్యాయమూర్తి ముందు న్యాయం అడిగింది, దేవుని ముందు కనికరం అడిగింది, ఆ రెండూ ఒకదానికొకటి అడ్డమని ఆవిడకు తోచినట్టు లేదు. తీర్పు వచ్చిన రాత్రి మేమంతా కృతజ్ఞతా ప్రార్థనకు మోకరించాం. మామయ్య కీర్తనల్లోంచి శత్రువుల ఓటమి గురించిన మాటలు ఎత్తుకున్నాడు. అమ్మమ్మ తన వంతు వచ్చినప్పుడు, డబ్బు కట్టడానికి ఆ మనిషి ఏమి అమ్ముకోవలసి వస్తుందోనని, అతని కూతురి చదువు ఆగిపోకుండా చూడమని అడిగింది. మామయ్య ప్రార్థన మధ్యలోనే కళ్లు తెరిచి చూడడం నాకు బాగా గుర్తు, నేను కూడా తెరిచే ఉన్నాను గనుక.

మామయ్యకూ యోనాకూ చాలా పోలిక ఉందని నేను ఇప్పుడు సరదాగా అంటుంటాను, ఆయన కూడా నవ్వుతాడు. నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుందని చాటిన ప్రవక్త, ఆ పట్టణం పశ్చాత్తాపపడి బతికిపోయిందని కోపగించుకున్నాడు. నీవు కటాక్షము, జాలి, బహుశాంతము గల దేవుడవని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయానని దేవునితో తగవు పెట్టుకున్నాడు. కుడి ఎడమలు ఎరుగని లక్ష ఇరవై వేల మందికి పైగా మనుషులు, బహు పశువులు ఉన్న పట్టణం మీద నేను జాలిపడవద్దా అని దేవుడు అడిగిన ప్రశ్నతో ఆ గ్రంథం ముగుస్తుంది. శతాబ్దాలు గడిచాక, క్రీస్తు శకం ఏడో శతాబ్దంలో, అదే నీనెవెకు ఇసాకు అనే సన్యాసి బిషప్పుగా వచ్చాడు. కొద్ది నెలలకే ఆ పదవి వదిలి ఏకాంతంలోకి వెళ్లిపోయాడు. కనికరం గల హృదయం మనుషుల కోసం, పక్షుల కోసం, జంతువుల కోసం, చివరికి దయ్యాల కోసం కూడా కరిగిపోతుందని, సత్యానికి శత్రువులైన వారి కోసం సైతం కన్నీటితో ప్రార్థిస్తుందని సిరియాక్ భాషలో రాసిపెట్టాడు. దయ్యాల సంగతి దగ్గర మా పాస్టరు గారు ఒప్పుకోకపోవచ్చు. అమ్మమ్మ ఇసాకు పేరు వినలేదు, విన్నా దయ్యాల దగ్గర ఆగి ఆలోచించేదేమో గానీ, పశువుల దగ్గర మాత్రం తప్పకుండా తలూపేది.

యేసు సిలువ మీద ‘తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము’ అన్నాడు, తొలి క్రైస్తవ హతసాక్షి స్తెఫను రాళ్ల కింద ‘వారిమీద ఈ పాపము మోపకుము’ అన్నాడు. ఆ రాళ్లు రువ్వినవారి వస్త్రాలకు కాపలా కాసిన సౌలు తరువాతి కాలంలో అపొస్తలుడైన పౌలు అయ్యాడని అందరికీ తెలుసు. మాకు అపకారం చేసిన మనిషి విషయంలో అటువంటి కథ జరగలేదు. అతను వచ్చి క్షమాపణ అడగలేదు, డబ్బు పూర్తిగా చెల్లించలేదు, ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. అమ్మమ్మ పోయేవరకు ఆ పేరు ప్రార్థన చివర అలాగే ఉంది.

అయితే అతని కూతురు మాత్రం మా ఇంటికి వచ్చేది. దానికి కారణం మా అమ్మ. తీర్పు వచ్చిన కొన్నాళ్లకు ఆ అమ్మాయి లెక్కల్లో తప్పుతోందని అమ్మమ్మ ఎవరి ద్వారానో విని, లెక్కల టీచరైన మా అమ్మను సాయంత్రాలు ఆమెకు చెప్పమంది. అమ్మ మొదట ఒప్పుకోలేదు, ఇద్దరి మధ్యా కొన్ని రోజులు మాటలు కూడా తగ్గాయి, చివరికి ఒప్పుకుంది. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, తల వంచుకుని లోపలికి వచ్చి, తాతయ్య కుర్చీకి దూరంగా కూర్చునేది. తాతయ్య పత్రిక అడ్డం పెట్టుకునేవారు. కొన్ని నెలలకు పత్రిక దించి, వర్గసమీకరణం ఒకటి ఆమె తప్పు చేస్తే సరిదిద్దారు. ఆమె పరీక్ష గట్టెక్కింది, పై చదువులకు వెళ్లింది, ఆ తరువాత మాకు పెద్దగా రాకపోకలు లేవు.

మొన్నామధ్య ఇంట్లో లూకా సువార్త పదమూడో అధ్యాయం చదువుకుంటున్నాం. మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికివేయమని యజమాని అంటే, ‘అయ్యా, నేను దానిచుట్టు త్రవ్వి, ఎరువు వేయుమట్టుకు ఈ సంవత్సరముకూడ ఉండనిమ్ము’ అని తోటమాలి అడిగే ఉపమానం అది. మామయ్య అలవాటు ప్రకారం, అప్పటికీ కాయకపోతే నరికించమని ఆ తోటమాలే అన్నాడు చూడండి, గడువు ఉంది గాని శాశ్వతం కాదు అని గుర్తు చేశాడు. అది నిజమే, వాక్యంలో ఉంది. నేను అమ్మమ్మను తలుచుకుని, ఆవిడ అచ్చంగా ఈ తోటమాలి అన్నాను. పక్కనే కళ్లజోడు తుడుచుకుంటున్న మా అమ్మ తలెత్తకుండానే అంది: “ఆ, గడువు అడిగేది మా అమ్మ, గునపం మాత్రం నా చేతికిచ్చేది.”